7.4 గల్ఫ్ నుంచి ఇంటికి డబ్బు: కనిపించని ఖర్చు

దుబాయిలో పనిచేసే మీ అన్నయ్య ఇంటికి డబ్బు పంపాలనుకున్నాడు. అతని దగ్గర 1,000 దిర్హాములు ఉన్నాయి. ఒక ఎక్స్ఛేంజి ముందు "రుసుము లేదు" అని బోర్డు ఉంది. అక్కడ పంపితే లాభమేనా? లెక్క వేసి చూద్దాం. (ఈ రేట్లు లెక్క కోసం అనుకున్నవి.)

మొదటి ఎక్స్ఛేంజి: రుసుము లేదు. దిర్హాముకు 22.40 రూపాయలు.
1,000 × 22.40 = 22,400 రూపాయలు

రెండవ ఎక్స్ఛేంజి: రుసుము 20 దిర్హాములు. దిర్హాముకు 23 రూపాయలు.
980 × 23 = 22,540 రూపాయలు

చూశారా! రుసుము తీసుకున్న చోటే ఇంటికి 140 రూపాయలు ఎక్కువ వచ్చాయి. మొదటి ఎక్స్ఛేంజి తన లాభాన్ని మారకపు రేటులోనే కలుపుకుంది.

కాబట్టి "రుసుము ఎంత?" అని మాత్రమే అడగవద్దు. "నేను ఇంత ఇస్తే ఇంటికి ఎన్ని రూపాయలు అందుతాయి?" అని అడగాలి. రేటు మారుతూ ఉంటుంది. అందువల్ల ఒకే రోజు రెండు మూడు చోట్ల విచారించాలి. ఇక్కడి బ్యాంకు ఏమైనా మినహాయించుకుంటుందా అన్నది కూడా తెలుసుకోవాలి.

మీ ప్రగతిని తెలుసుకోండి

ప్రశ్న: అదే రేట్లకు 500 దిర్హాములే పంపితే ఎక్కడ మేలు?

జవాబు: మొదటి చోట. 500 × 22.40 = 11,200; రెండవ చోట 480 × 23 = 11,040. మొత్తం చిన్నదైతే రుసుము భారం పెరుగుతుంది. అందుకే పంపిన ప్రతిసారీ లెక్క కట్టండి.