కామా ఎక్కడ? చుక్క ఎక్కడ?

అక్కలారా, ఈ రెండు అంకెలు చూడండి.

1,00,000
100,000

సున్నాలు లెక్కపెట్టండి. రెండింట్లోనూ ఐదే. రెండూ లక్షే. మనం కుడి నుంచి మూడు అంకెలు వదిలి కామా పెడతాం. తర్వాత రెండేసి అంకెలకు ఒక కామా. మనకు వేలు, లక్షలు, కోట్లు ఉన్నాయి కదా! అమెరికా వాళ్ల లెక్కలో లక్ష అనే మాటే లేదు. మూడేసి అంకెలకే కామా. సెల్‌ఫోనులో ఏ దేశం పద్ధతి పెడితే కామా అలాగే పడుతుంది. సొమ్ము మాత్రం మారదు.

అసలు చిక్కు చుక్కతోనే. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఎంతోమంది ఆడవాళ్లు కువైట్‌కు పనికి పోతున్నారు. అక్కడి డబ్బు దినార్. మన రూపాయికి 100 పైసలు. దినార్‌కు 1000 ఫిల్సులు. అందుకని వాళ్లు చుక్క తర్వాత మూడు అంకెలు రాస్తారు.

జీతం కాగితంలో 120.500 అని ఉంది. లక్షా ఇరవై వేల ఐదు వందలా? కాదు. నూట ఇరవై దినార్లు, ఐదు వందల ఫిల్సులు. అంటే నూట ఇరవై మీద అర దినార్. సంతకం పెట్టేముందే ఇది చూసుకోవాలి. పెట్టాక అడిగితే ఎవరు వింటారు?

జర్మనీలో ఇంకో తమాషా. అక్కడ 1.000 అంటే వెయ్యి!

ఇప్పుడు మీరు రాయండి.
75.250 దినార్లు. ఇందులో దినార్లు ఎన్ని? ఫిల్సులు ఎన్ని?