కంప్యూటరు కట్టే అంటు

నూజివీడు పేరు వినగానే చిన్న రసాలు గుర్తుకొస్తాయి. ఒక చెట్టు కాయ చాలా తియ్యగా ఉందనుకోండి. అదే రుచి మరో చెట్టుకు కూడా రావాలి. దాని టెంక పాతితే సరిపోతుందా? సరిపోదు. టెంక నుంచి మొలిచిన మొక్క తల్లి చెట్టులాగే కాస్తుందన్న నమ్మకం లేదు. అందుకే ఆ చెట్టు నుంచి చిన్న కొమ్మను కోసి తెచ్చి, మరో మొక్క కాండానికి అతికించి కడతారు. దీన్నే అంటు కట్టడం అంటాం.

కంప్యూటరులో మనం రోజూ చేసే 'కాపీ', 'పేస్టు' ఇలాంటి పనే. పేస్టు చేయడం అంటే అంటించడం. అంటు, అంటించు అనే రెండు మాటలూ ఒకే ధాతువు నుంచి వచ్చాయి. అయితే ఒక ప్రశ్న. కొమ్మను కోసిన తరువాత, అంటు కట్టేదాకా దాన్ని తడిగుడ్డలో చుట్టి ఉంచుతారు. మరి మనం కాపీ చేసిన మాట, అంటించేదాకా ఎక్కడ ఉంటుంది?

క్లిప్‌బోర్డు అంటే ఏమిటి?

అది ఉండే చోటు పేరు క్లిప్‌బోర్డు. మీరు పరీక్షకు తీసుకెళ్లే క్లిప్పు అట్టను ఇంగ్లీషులో ఇలాగే పిలుస్తారు. కాని కంప్యూటరులో నిజంగా అట్ట ఏమీ లేదు. కంప్యూటరు పనిచేస్తున్నంతసేపూ వాడుకునే తాత్కాలిక జ్ఞాపకశక్తిలో (దీన్నే ర్యామ్ అంటారు) ఇందుకోసం కొంత చోటు కేటాయిస్తారు. కరెంటు పోయి కంప్యూటరు ఆగిపోతే ర్యామ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది.

కత్తిరించి అంటించడం కంప్యూటరుతో పుట్టిన పని కాదు. పూర్వం పత్రికాఫీసుల్లో కత్తెరతో కాగితాన్ని ముక్కలు చేసి, జిగురుతో మరోచోట అంటించేవారు. 1970ల మధ్యలో అమెరికాలోని జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధనాలయంలో లారీ టెస్లర్, టిమ్ మాట్ అనే ఇద్దరు 'జిప్సీ' అనే రాత ప్రోగ్రాము తయారుచేశారు. నేటి కట్, కాపీ, పేస్టు పద్ధతి అక్కడే రూపుదిద్దుకుంది. 1983లో వచ్చిన ఆపిల్ వారి 'లీసా' కంప్యూటరుతో అది చాలామందికి తెలిసింది. టెస్లర్ 2020లో మరణించారు.

పలకకూ పుస్తకానికీ తేడా

మామూలు క్లిప్‌బోర్డు పలక లాంటిది. కొత్తది రాయాలంటే పాతది తుడిచేయాల్సిందే. ఈ ప్రయోగం చేసి చూడండి. నోట్‌ప్యాడ్ తెరిచి, వరుసకు ఒకటి చొప్పున ఇవి రాయండి: చిన్న రసం, పెద్ద రసం, బంగినపల్లి, సువర్ణరేఖ, కలెక్టర్. ఒక్కొక్క పేరునే ఎంచుకుని, కంట్రోల్ మీట నొక్కి ఉంచి 'సి' నొక్కండి. అయిదూ అయ్యాక కంట్రోల్, 'వి' నొక్కండి. ఏది వచ్చింది? కలెక్టర్ ఒక్కటే! మిగిలిన నాలుగూ ఏమయ్యాయి? ఒక్కొక్కటి కాపీ అయినప్పుడల్లా అంతకు ముందుది చెరిగిపోయింది.

ఈ ఇబ్బంది తీర్చడానికి వచ్చిందే క్లిప్‌బోర్డు చరిత్ర. ఇది పలక కాదు, పేజీలున్న పుస్తకం. విండోస్‌లో ఈ సౌకర్యం 2018 అక్టోబరులో విడుదలైన విండోస్ 10 కూర్పుతో వచ్చింది. విండోస్ గుర్తు ఉన్న మీటనూ 'వి' మీటనూ కలిపి నొక్కితే ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది. మొదటిసారి అందులో 'టర్న్ ఆన్' అని ఉంటే దాన్ని నొక్కాలి. ఆ తరువాత చేసిన కాపీలే చరిత్రలో చేరతాయి. అందుకని పై ప్రయోగాన్ని మళ్లీ చేయండి. ఈసారి అయిదు పేర్లూ కనిపిస్తాయి. చివర కాపీ చేసినది పైన, మొదట చేసినది అడుగున ఉంటాయి. కావలసినదాన్ని నొక్కితే అది వచ్చి అంటుకుంటుంది.

ఈ పుస్తకానికీ హద్దులున్నాయి. ఇందులో 25 నకళ్లే పడతాయి. ఇంకొకటి వస్తే అన్నిటికన్నా పాతది తప్పుకుంటుంది. ఒక్కొక్క నకలు 4 మెగాబైట్లకు మించకూడదు. కంప్యూటరు ఆపి మళ్లీ వేస్తే జాబితా ఖాళీ అవుతుంది. ఏదైనా నకలు పోకుండా ఉండాలంటే దాని పక్కన ఉన్న 'పిన్' గుర్తు నొక్కాలి. అక్కడే ఉన్న 'డిలీట్'తో ఒక్కదాన్ని తీసేయవచ్చు. 'క్లియర్ ఆల్'తో పిన్ చేయనివన్నీ ఒకేసారి తుడిచేయవచ్చు.

ఇతర కంప్యూటర్లలోనూ ఇలాంటివి ఉన్నాయి. లైనక్స్‌లో కేడీఈ వాడేవారికి 'క్లిప్పర్' చాలాకాలంగా తెలుసు. ఆపిల్ కంప్యూటర్లలో ఈ సౌకర్యం 2025లో వచ్చిన టాహో కూర్పుతో చేరింది.

తెలుగు ఎలా అంటుకుంటుంది?

కంప్యూటరు 'మామిడి' అనే మాటను బొమ్మగా దాచదు, అంకెలుగా దాచుకుంటుంది. యూనికోడ్ అనే ప్రపంచ పట్టికలో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. దాని ప్రకారం 'మ' 3118, దీర్ఘం 3134, మళ్లీ 'మ' 3118, గుడి 3135, 'డ' 3105, గుడి 3135. మొత్తం ఆరు సంకేతాలు. విండోస్‌లో ఒక్కొక్కటి 2 బైట్లు. అంటే మామిడికి 12 బైట్లు చాలు. ఇక 4 మెగాబైట్లలో ఎన్ని పడతాయో ఊహించండి!

కొన్ని పాత అచ్చు ఫైళ్ల నుంచి తెలుగు కాపీ చేస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. తప్పు క్లిప్‌బోర్డుది కాదు. ఆ పాత ఫాంట్లలో సంకేతాలు ఇంగ్లీషువే, వాటికి తొడిగిన ఆకారాలు మాత్రం తెలుగువి. కాపీ చేసినప్పుడు సంకేతాలు వస్తాయి గాని ఆకారం రాదు.

ఫైలు కాపీ సంగతి వేరు. అప్పుడు క్లిప్‌బోర్డులోకి చేరేది ఫైలు కాదు, అది ఉన్న చోటి చిరునామా మాత్రమే. అంటించేలోపు అసలు ఫైలును చెరిపేస్తే అంటించడానికి ఏమీ మిగలదు. ఇలాంటివి విండోస్ చరిత్ర జాబితాలోకి కూడా రావు.

గుర్తుంచుకునేది కంప్యూటరు, చదివేది ఎవరు?

నూజివీడులో 2008లో రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయం వారి ట్రిపుల్ ఐటీ మొదలైంది. పదో తరగతి మార్కులతో అందులో సీటు కోసం ఏటా పల్లెటూళ్ల పిల్లలు ఎందరో దరఖాస్తు చేస్తారు. ఇంట్లో కంప్యూటరు లేనివారు ఇంటర్నెట్ సెంటరుకు వెళతారు. అక్కడ హాల్ టికెట్ నంబరు, ఆధార్ నంబరు, పాస్‌వర్డు కాపీ చేసి అంటించారనుకోండి. పని ముగించుకుని లేచి వెళ్లిపోతారు. ఆ కంప్యూటరులో చరిత్ర పనిచేస్తూ ఉంటే, తరువాత కూర్చున్నవారు రెండు మీటలు నొక్కి అవన్నీ చదవవచ్చు!

అందుకని బడిలోనైనా సెంటరులోనైనా, నలుగురూ వాడే కంప్యూటరు దగ్గర ఈ జాగ్రత్తలు పాటించండి:

1. పాస్‌వర్డునూ ఆధార్ నంబరునూ కాపీ చేయకుండా చేత్తో టైపు చేయండి.
2. లేచే ముందు విండోస్, 'వి' మీటలు నొక్కి జాబితా చూడండి. 'క్లియర్ ఆల్' నొక్కండి.
3. సొంత వివరాలు ఎప్పుడూ పిన్ చేయకండి. అవి 'క్లియర్ ఆల్'కు పోవు.
4. అంటించిన బ్యాంకు ఖాతా నంబరును అసలుతో పోల్చి చూడండి. క్లిప్‌బోర్డులోని నంబరును మార్చేసే దొంగ ప్రోగ్రాములు కూడా ఉన్నాయి.

ఇంకొక మాట. మీ ప్రాజెక్టు కోసం సేకరించిన సమాచారాన్ని చరిత్ర జాబితా మీద నమ్మకంతో వదిలేయకండి. వేసవిలో గాలివానకు కరెంటు పోవడం మన వైపు మామూలే. తడిగుడ్డలో చుట్టిన కొమ్మ ఎల్లకాలం బతకదు, దాన్ని వేళకు అంటు కట్టాలి. అలాగే నకలును ఫైలులో అంటించి, వెంటనే సేవ్ చేయాలి.

ఆలోచించండి

1. ఏడు మామిడి రకాల పేర్లు కాపీ చేసి, రెండింటిని పిన్ చేశారు. కంప్యూటరు ఆపి మళ్లీ వేశారు. జాబితాలో ఎన్ని ఉంటాయి?
2. 'రసం' అనే మాటకు ఎన్ని సంకేతాలు? ఎన్ని బైట్లు?
3. చరిత్రను మొదలుపెట్టక ముందు కాపీ చేసిన పేర్లు జాబితాలో ఎందుకు కనిపించవు?

(జవాబులు: 1. రెండు. 2. ర, స, సున్న – మూడు సంకేతాలు, 6 బైట్లు. 3. అప్పటికి క్లిప్‌బోర్డు ఇంకా పలకే. ఒకటి రాసినప్పుడల్లా అంతకు ముందుది చెరిగిపోయింది.)