పక్షి కన్ను - కెమెరా గురి

కోనసీమ అనగానే అందరికీ కొబ్బరి తోటలు, గోదావరి పాయలు, పంట కాలువలు గుర్తుకొస్తాయి. ఆ కాలువ గట్ల మీద బతికే పక్షులను మాత్రం రోజూ చూస్తూనే గమనించకుండా వెళ్లిపోతాం. "పక్షుల ఫోటోలు తీయాలంటే లక్షల కెమెరా కావాలి, అది మనలాంటి హాస్టల్ పిల్లలకు కాదు" అనే మాట కూడా తరచూ వింటుంటాం. ఖరీదైన లెన్సు ఉంటే దూరపు పక్షి పెద్దగా కనిపించే మాట నిజమే. కానీ ఫోటో స్పష్టంగా, అందంగా రావడానికి పక్షి అలవాటు తెలియడం, ఓపిక పట్టడం అంతకంటే ముఖ్యం. ఈ రెండూ డబ్బుతో కొనేవి కావు. అందుకే మిత్రుల కోసం ఈ పాఠం రాస్తున్నాము.

1. ముందు పక్షిని చదవండి

లకుముకిపిట్ట కాలువ మీది తీగపైనో, ఎండు కొమ్మపైనో కూర్చుని చేప కోసం చూస్తుంది. నీళ్లలోకి దూకి, చాలాసార్లు మళ్లీ అదే చోటికి వచ్చి వాలుతుంది. కాబట్టి దాని వెంట పరుగెత్తనక్కరలేదు. అది లేచి వెళ్లినప్పుడు ఆ కొమ్మకు ఫోకస్ సరిచూసుకుని, కదలకుండా వేచి ఉంటే చాలు. దాళ్వాకు చేలు దమ్ము చేసేటప్పుడు తెల్లకొంగలు ట్రాక్టరు వెనకే నడుస్తాయి. చక్రాల కింది నుంచి పైకి వచ్చే పురుగులు, కప్పలే వాటి ఆహారం. ట్రాక్టరు ఎటు తిరుగుతుందో చూసి ముందుగానే గట్టు మీద కూర్చుంటే కొంగలే మన దగ్గరకు వస్తాయి.

2. ఫోటో మసకగా ఎందుకు వస్తుంది?

దీనికి ముఖ్యంగా మూడు కారణాలు.

చెయ్యి కదలడం: 300 మిల్లీమీటర్ల లెన్సుతో తీసేటప్పుడు షట్టర్ వేగం కనీసం సెకనులో 300వ వంతు ఉండాలి. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, కొబ్బరి మానుకు చేరగిలబడి, ఊపిరి బిగబట్టి మీట నొక్కాలి. సంచిలో ఇసుక పోసి గట్టు మీద పెట్టి, దానిపై లెన్సు ఆనించినా స్టాండు లేని లోటు తీరుతుంది.

పక్షి కదలడం: కూర్చున్న పక్షికి 1/500, ఎగిరే పక్షికి 1/1000 నుంచి 1/2000 వేగం పెట్టండి. వెలుతురు చాలకపోతే ఐఎస్ఓ పెంచండి. ఫోటోలో కొంచెం గరుకు కనిపించినా ఫరవాలేదు, మసకబారితే మాత్రం సరిచేయలేం.

ఫోకస్ తప్పడం: పక్షి దగ్గరగా ఉన్నప్పుడు ముక్కు స్పష్టంగా వచ్చి కన్ను మసకబారవచ్చు. అందుకే ఒక్క ఫోకస్ బిందువును ఎంచుకుని కంటి మీదే ఉంచాలి. ఎఫ్/8 దగ్గర పెడితే కాస్త ఎక్కువ లోతు స్పష్టంగా వస్తుంది. ఎగిరే పక్షికి కదలికను వెంబడించే ఫోకస్ వాడాలి. దానిని కెనాన్‌లో ఏఐ సర్వో అనీ, నికాన్‌లో ఏఎఫ్-సి అనీ అంటారు. ఇప్పుడు వస్తున్న కొన్ని కెమెరాలు పక్షి కన్నును తామే గుర్తిస్తున్నాయి. అయినా మీట ఎప్పుడు నొక్కాలో తేల్చుకోవలసింది మనమే.

ఫోన్ ఒక్కటే ఉన్నవారు జూమ్ మరీ పెంచవద్దు. పక్షి చిన్నదిగా ఉన్నా చేను, కాలువ, ఆకాశం కలిపి తీస్తే అది మంచి చిత్రమే అవుతుంది.

3. కూర్పు

పక్షి కళ్ల ఎత్తుకు దిగండి. నిలబడి పైనుంచి తీస్తే వీపు, బురద కనిపిస్తాయి. గట్టు కింద కూర్చుని తీస్తే పక్షి ముఖం మనతో మాట్లాడుతున్నట్లు ఉంటుంది. పక్షిని చట్రం మధ్యలో ఇరికించక, అది చూసే వైపు కొంత ఖాళీ వదలండి. వెనుక కరెంటు స్తంభం, ప్లాస్టిక్ సంచి ఉంటే రెండడుగులు పక్కకు జరగండి. తెల్లకొంగ నల్లటి దమ్ము మడిలో ఉంటే కెమెరా మోసపోయి, ఈకలు సున్నం కొట్టినట్లు వస్తాయి. అప్పుడు ఎక్స్‌పోజర్ ఒక మెట్టు తగ్గించండి. సూర్యోదయం తర్వాత రెండు గంటలు, సాయంత్రం చివరి రెండు గంటలు మంచి వెలుగు.

4. గూటి జోలికి వద్దు

వానకాలంలో తాటి మట్టలకు గిజిగాడి గూళ్లు వేలాడుతుంటాయి. మగపిట్ట సగం అల్లి ఆడపిట్టకు చూపిస్తుంది, ఆమెకు నచ్చితేనే పూర్తి చేస్తుంది. దూరం నుంచి ఇది ఎంత చూసినా తనివి తీరదు. కానీ ఫోటో కోసం మట్టలు వంచితే, అడ్డాకులు తుంచితే గూడు కాకులకు తెలిసిపోతుంది. తల్లి బెదిరి వెళ్లిపోతే గుడ్లు చల్లబడతాయి, పిల్లలు ఆకలితో చనిపోతాయి. ఒక్క ఫోటోకు అంత మూల్యం తగదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా రక్షిత పక్షుల గుడ్లను, గూళ్లను పాడుచేయడాన్ని నేరంగా చెబుతోంది. బ్రిటన్‌కు చెందిన ప్రసిద్ధ పక్షి ఛాయాగ్రాహకుడు ఎరిక్ హోస్కింగ్ 1937లో గుడ్లగూబ గూటి దగ్గర దాని గోళ్ల దెబ్బకు ఒక కన్ను కోల్పోయారు. తర్వాత కూడా ఆయన పక్షుల ఫోటోలు తీస్తూనే ఉన్నారు. గూటి దగ్గర తల్లి ఎంత తెగిస్తుందో ఈ సంఘటన చెబుతుంది.

పక్షి మెడ నిక్కించి మనవైపే చూస్తూ మేత మానేసిందంటే మనం మరీ దగ్గరకు వచ్చామని అర్థం. అక్కడే ఆగాలి, లేదా వెనక్కి తగ్గాలి.

5. అభ్యాసం

ఒక కాలువ గట్టును ఎంచుకుని నెలరోజులు ఆదివారం ఉదయం అక్కడికే వెళ్లండి. కెమెరా లేకపోయినా తేదీ, సమయం, చోటు, పక్షి పేరు నోట్‌బుక్కులో రాయండి. చలికాలంలో వీలైతే ఎదుర్లంక వంతెన దాటి, యానాం మీదుగా 1978లో ఏర్పడిన కోరింగ అభయారణ్యానికి వెళ్లండి. మడ అడవుల్లో వలస పక్షులు కనిపిస్తాయి.

తేదీ, చోటు రాసి ఉన్న ఫోటో కేవలం అందమైన బొమ్మ కాదు. ఈ గట్టు మీద ఈ పక్షి బతికింది అనడానికి అది సాక్ష్యం. చేలు చెరువులుగా, తోటలు ఇళ్లుగా మారుతున్న చోట ఆ సాక్ష్యం రేపు అవసరపడుతుంది. దానిని రాసిపెట్టగలిగినవారు గట్టు పక్కనే పెరిగిన మనమే. వచ్చే వార్షికోత్సవ సంచికలో మీరు తీసిన చిత్రాలు చూడాలని కోరుకుంటున్నాము.