పింఛనుదారుల ఫోన్ లిస్టు: అవుట్‌లుక్ కస్టమ్ ఫారం మొరాయిస్తే ఏం చేయాలి?

ఎవరి కోసం: గ్రామ, వార్డు సచివాలయాల్లో, మండల ఆఫీసుల్లో లబ్ధిదారుల ఫోన్ నంబర్లు అవుట్‌లుక్‌లో రాసుకునే సిబ్బంది కోసం.

ఏం కావాలి: విండోస్ కంప్యూటర్, అందులో క్లాసిక్ అవుట్‌లుక్ (అంటే పాత అవుట్‌లుక్), ఒక అరగంట తీరిక.

ఈ లిస్టు ఎందుకు ముఖ్యం?

ఎన్టీఆర్ భరోసా పింఛను ప్రతి నెలా 1వ తేదీన ఇంటి దగ్గరే ఇస్తారు. వృద్ధులకు, వితంతువులకు నెలకు 4,000 రూపాయలు, దివ్యాంగులకు 6,000 రూపాయలు. మీరు వెళ్లేసరికి ఇంటికి తాళం ఉందనుకోండి. అవ్వ కూతురి ఊరికి వెళ్లిందా, ఆస్పత్రిలో ఉందా? ఫోన్ చేస్తేనే తెలుస్తుంది. ఆవిడ దగ్గర ఫోన్ లేకపోతే పక్కింటివాళ్లకో, కూతురికో చేయాలి.

ఎవరు అర్హులు, ఎవరికి డబ్బు అందింది అన్న లెక్క ప్రభుత్వ పోర్టల్‌లోనే ఉంటుంది. అవుట్‌లుక్ లిస్టు దానికి బదులు కాదు. ఇది అవసరమైనప్పుడు మనిషిని పట్టుకోవడానికి మాత్రమే.

అవుట్‌లుక్ మామూలు కాంటాక్ట్ ఫారంలో "పింఛను ఐడీ", "పక్కింటివారి నంబరు", "మంచం పట్టినవారా" లాంటి గళ్లు ఉండవు. వాటిని మనం చేర్చుకుంటే అదే కస్టమ్ ఫారం. ఒక్కోసారి ఈ ఫారమే మొరాయిస్తుంది. కారణాలు కొన్నే ఉంటాయి. వరసగా చూద్దాం.

ముందు ఒక్క మాట: ఫారం వేరు, వివరాలు వేరు

ఫారం బీరువా తలుపు లాంటిది. తలుపు బిగుసుకుపోయినంత మాత్రాన లోపలి బట్టలు పోయినట్టు కాదు. గళ్లు కనబడకపోతే వెంటనే ఈ మూడు పనులు మాత్రం చేయకండి:

• కాంటాక్టులు డిలీట్ చేయడం
• అన్నీ మళ్లీ కొత్తగా టైప్ చేయడం
• అవుట్‌లుక్ తీసేసి మళ్లీ వేసుకోవడం

ముందు వివరాలు ఉన్నాయో లేదో చూసుకోండి. ఒక కాంటాక్ట్ తెరవండి. పైన "షో" అనే భాగంలో "ఆల్ ఫీల్డ్స్" నొక్కండి. "సెలెక్ట్ ఫ్రమ్" దగ్గర "యూజర్ డిఫైన్డ్ ఫీల్డ్స్ ఇన్ దిస్ ఐటెమ్" ఎంచుకోండి. మీరు చేర్చిన గళ్లు, వాటిలో రాసినవి అక్కడ కనబడితే కంగారు అక్కర్లేదు. సమస్య ఫారంలో ఉంది, వివరాల్లో లేదు.

లోపం 1: మామూలు ఫారమే తెరుచుకుంటోంది

ప్రతి కాంటాక్ట్‌కూ లోపల ఒక గుర్తు ఉంటుంది. దాని పేరు "మెసేజ్ క్లాస్". మామూలు కాంటాక్ట్‌కు అది "ఐపీఎం.కాంటాక్ట్". మీరు "పింఛను" అనే పేరుతో ఫారం పబ్లిష్ చేస్తే, ఆ ఫారంతో రాసిన వాటికి "ఐపీఎం.కాంటాక్ట్.పింఛను" అని పడుతుంది. ఈ గుర్తు చూసే అవుట్‌లుక్ ఏ ఫారం తెరవాలో తేల్చుకుంటుంది. "ఆల్ ఫీల్డ్స్"లోనే "ఆల్ కాంటాక్ట్ ఫీల్డ్స్" ఎంచుకుంటే ఈ గుర్తు కనబడుతుంది.

• గుర్తు మామూలుదే ఉంటే: ఆ కాంటాక్ట్ కొత్త ఫారం రాకముందే రాసినది. ఫారం పబ్లిష్ చేసినంత మాత్రాన పాతవి మారవు. వాటి మెసేజ్ క్లాస్ మార్చాలి. నాలుగు వరసల మాక్రోతో అన్నీ ఒకేసారి మార్చవచ్చు. మాక్రో రాయడం రాకపోతే మీ టెక్నికల్ సిబ్బందిని అడగండి.

• గుర్తు సరిగ్గానే ఉంటే: ఆ ఫారం ఈ కంప్యూటర్‌కు దొరకడం లేదు. "పర్సనల్ ఫారమ్స్ లైబ్రరీ"లో పెట్టిన ఫారం మీ మెయిల్‌బాక్స్‌కే పనిచేస్తుంది, పక్క సీటు వారికి రాదు. ఒక ఫోల్డర్‌లో పబ్లిష్ చేసినది ఆ ఫోల్డర్‌లోనే పనిచేస్తుంది. ఆఫీసు మొత్తానికి కావాలంటే ఎక్స్‌ఛేంజ్ సర్వర్‌లో "ఆర్గనైజేషనల్ ఫారమ్స్ లైబ్రరీ" ఉండాలి. దానికి అడ్మిన్ అనుమతి కావాలి.

ఇకపై రాసేవి కొత్త ఫారంలోనే తెరుచుకోవాలంటే ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి "ప్రాపర్టీస్"లోకి వెళ్లండి. "వెన్ పోస్టింగ్ టు దిస్ ఫోల్డర్, యూజ్" దగ్గర మీ ఫారం పేరు పెట్టండి. ఈ పని చాలామంది మర్చిపోతారు.

లోపం 2: టైప్ చేసింది సేవ్ కావడం లేదు

ఇది అన్నింటికన్నా ప్రమాదం. పైన చెప్పిన బీరువా మాట దీనికి వర్తించదు. ఇక్కడ వివరాలు నిజంగానే పోతాయి.

ఫారం డిజైన్ చేసేటప్పుడు టూల్‌బాక్స్ నుంచి ఒక ఖాళీ పెట్టె తెచ్చి పెట్టి వదిలేస్తే, అది చూడ్డానికి గడిలాగే ఉంటుంది. టైప్ కూడా అవుతుంది. కానీ దాని వెనక ఫీల్డ్ ఉండదు. సేవ్ చేసి మూసి మళ్లీ తెరిస్తే ఖాళీ. పాతిక మంది నంబర్లు కొట్టాక ఈ సంగతి తెలిస్తే ఆ పాతిక ఇళ్లకూ మళ్లీ తిరగాలి.

సరిచేసే పద్ధతి: డిజైన్‌లో ఆ పెట్టె మీద రైట్ క్లిక్, "ప్రాపర్టీస్", "వాల్యూ" ట్యాబ్. అక్కడ "చూజ్ ఫీల్డ్" నొక్కి ఫీల్డ్ ఎంచుకోండి. లేకపోతే "న్యూ" నొక్కి కొత్తది చేయండి. తర్వాత ఫారం మళ్లీ పబ్లిష్ చేయండి.

ఫోన్ నంబరు, పింఛను ఐడీ గళ్లకు రకం "టెక్స్ట్" పెట్టండి, "నంబర్" వద్దు. నంబర్ పెడితే ముందున్న సున్నా పోతుంది.

అసలు లిస్టు మొదలుపెట్టే ముందు ఒక ఉత్తుత్తి పేరుతో కాంటాక్ట్ రాసి, మూసి, మళ్లీ తెరిచి చూసుకోండి. రెండు నిమిషాల పని.

లోపం 3: ఫారం మార్చినా పాతదే వస్తోంది

అవుట్‌లుక్ ఒకసారి తెరిచిన ఫారం నకలు కంప్యూటర్‌లో దాచుకుంటుంది. దాన్ని "క్యాష్" అంటారు. "ఫైల్", "ఆప్షన్స్", "అడ్వాన్స్‌డ్", అక్కడ కింద "కస్టమ్ ఫారమ్స్", ఆపైన "మేనేజ్ ఫారమ్స్"లోకి వెళ్లి "క్లియర్ క్యాష్" నొక్కండి. అవుట్‌లుక్ మూసి మళ్లీ తెరవండి. దీనివల్ల కాంటాక్టులు పోవు, నకలు మాత్రమే పోతుంది.

లోపం 4: ఫారంలో బటన్ నొక్కితే ఏమీ కావడం లేదు

బటన్ వెనక ఉండేది వీబీస్క్రిప్ట్ కోడ్. 2017లో వచ్చిన సెక్యూరిటీ అప్‌డేట్ తర్వాత కస్టమ్ ఫారాల్లో ఈ కోడ్‌ను అవుట్‌లుక్ మామూలుగా నడవనివ్వదు. నడవాలంటే అడ్మిన్ రిజిస్ట్రీలో మార్పు చేయాలి. పైగా వీబీస్క్రిప్ట్‌ను విండోస్ నుంచి క్రమంగా తీసేస్తామని మైక్రోసాఫ్ట్ 2023లో ప్రకటించింది. కాబట్టి బటన్ల మీద ఆధారపడకండి. గళ్లు మాత్రమే ఉన్న ఫారం చాలు.

లోపం 5: ఎక్సెల్ నుంచి తెచ్చాక కొత్త గళ్లు ఖాళీ

సీఎస్‌వీ ఫైల్ నుంచి ఇంపోర్ట్ చేస్తే అవుట్‌లుక్ తన సొంత గళ్లనే నింపుతుంది. మీరు చేర్చినవి దానికి కనబడవు. దీనికో దారి ఉంది. అవుట్‌లుక్‌లో ముందే "యూజర్ 1" నుంచి "యూజర్ 4" వరకు నాలుగు ఖాళీ గళ్లు ఉన్నాయి. ఇవి ఇంపోర్ట్‌లో నిండుతాయి. పింఛను ఐడీ, పక్కింటి నంబరు లాంటి ముఖ్యమైన నాలుగింటికి వీటినే వాడండి.

ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఫోన్‌లో తెరిస్తే మా గళ్లు రావడం లేదు. ఎందుకు?
జవాబు: కస్టమ్ ఫారాలు క్లాసిక్ అవుట్‌లుక్‌లోనే పనిచేస్తాయి. ఫోన్ యాప్‌లో, బ్రౌజర్‌లో, "న్యూ అవుట్‌లుక్"లో మామూలు ఫారమే వస్తుంది. ఫీల్డ్‌కు వెళ్లేవారికి కావలసిన రెండో నంబరును మామూలు "హోమ్ ఫోన్" గడిలో రాయండి. అది అన్నిచోట్లా కనబడుతుంది.

ప్రశ్న: బ్యాకప్ ఎలా తీసుకోవాలి?
జవాబు: "ఫైల్", "ఓపెన్ అండ్ ఎక్స్‌పోర్ట్", "ఇంపోర్ట్/ఎక్స్‌పోర్ట్"లోకి వెళ్లి పీఎస్‌టీ ఫైల్‌గా దాచండి. సీఎస్‌వీగా దాస్తే మీరు చేర్చిన గళ్లు అందులోకి రావు.

ప్రశ్న: ఆధార్ నంబరు కూడా రాసుకోవచ్చా?
జవాబు: వద్దు. ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు ఈ లిస్టులో పెట్టకండి. ఫోన్ చేయడానికి అవి అవసరం లేదు. ఆ కంప్యూటర్ ఇంకొకరి చేతిలో పడితే నష్టపోయేది లబ్ధిదారులే.

గుర్తుంచుకోండి

1. గళ్లు కనబడకపోతే ముందు "ఆల్ ఫీల్డ్స్" చూడండి.
2. ప్రతి గడి వెనక ఫీల్డ్ ఉందో లేదో చూసుకున్నాకే లిస్టు మొదలుపెట్టండి.
3. ఏ మార్పు చేసినా ముందు పీఎస్‌టీ బ్యాకప్ తీసుకోండి.
4. నెలాఖరులో ఫారం జోలికి వెళ్లకండి. మార్పులేమైనా ఉంటే నెల మధ్యలో చేసుకోండి. 1వ తేదీ పొద్దున నంబర్లు మీ చేతిలో ఉండాలి.