ముందు చూసి రండి

పొందూరు,
మార్చి నెల.

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మలుకు పెదనాన్న ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ మీ అత్తగారు బాగున్నారు. గుంటడు బడికి మారాం చేయకుండా వెళ్తున్నాడు. నీకు విశాఖ నుంచి హైదరాబాద్ బదిలీ అయిందని మీ నాన్న చెప్పాడు, చాలా సంతోషించాను. జూన్‌లో చేరాలట, ఆఫీసు రాయదుర్గంలోనట. ఆ తర్వాత చెప్పిందే నాకు నచ్చలేదు. నిజాంపేటలో ఫ్లాటు ఒకటి ఫోన్‌లో వీడియో చూసి ఖాయం చేసుకున్నారట. ఓనరు రెండు నెలల అడ్వాన్సు పంపమంటున్నాడట. మే నెలాఖరుకు ఇక్కడి ఇల్లు అద్దెకిచ్చేసి, సామాను లారీకెత్తి, మీ అత్తగారినీ పిల్లాణ్నీ తీసుకుని అందరూ ఒకేసారి వెళ్లిపోతారట.

అమ్మలూ, ఆ డబ్బు ఇప్పుడే పంపకు. ముందు మీరు నలుగురూ వెళ్లి, నాలుగు రోజులుండి, చూసి రండి. ఈ మాట ఫోన్‌లో చెప్తే "సరే పెదనాన్నా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను, అల్లుడు గారికి కూడా చదివి వినిపించు.

మన వైపు జనానికి ఊరు విడిచి వెళ్లడం కొత్త కాదు. ఒకప్పుడు కళింగపట్నం, బారువ రేవుల్లో స్టీమరెక్కి రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లేవారు. మేస్త్రీ ముందుగా కొంత డబ్బు చేతిలో పెట్టేవాడు, ఆ బాకీ తీరేదాకా అతని కిందే పని. రేవులో మూటలు మోయాలో, బియ్యం మిల్లులో పడాలో, రాత్రి ఎక్కడ నడుం వాల్చాలో ఓడ దిగేదాకా తెలిసేది కాదు. 1930 మే నెలలో రంగం రేవు దగ్గర మన తెలుగు కూలీల మీద దాడులు జరిగాయి. 1941 డిసెంబరులో జపాను వాళ్లు బాంబులు వేశాక కొండలూ అడవులూ దాటి కాలినడకన ఇండియా చేరినవాళ్లున్నారు, దారిలోనే పోయినవాళ్లూ ఉన్నారు. అంత పాతకాలం దాకా ఎందుకు? 2014 జూన్ 28న చెన్నై దగ్గర మౌలివాక్కంలో కడుతున్న పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కూలీలు. ఆ వారం మన పల్లెల్లోకి వచ్చిన శవాల బళ్లు నాకింకా కళ్లలో ఉన్నాయి.

వాళ్లలో ఎవరికీ ముందు ఒకసారి వెళ్లి చూసి వచ్చే స్తోమత లేదు. తప్పు వాళ్లది కాదు. ఆ పూట కూలి పోతే ఆ పూట తిండి పోయేవాళ్లకు చూసి రావడమేమిటి? నీకు జీతం ఉంది, సెలవు ఉంది, చేరడానికి ఇంకా రెండు నెలల పైన గడువుంది. మన ఇంట్లోంచి దూరం వెళ్లినవాళ్లలో, కాలు పెట్టబోయే చోటును ముందే చూసుకోగలిగింది నువ్వే మొదటిదానివి. దాన్ని చేతులారా వదులుకోకు తల్లీ.

గాంధీగారు మన ఊరి సన్న ఖాదీ బట్ట సంగతి తెలిశాక, అది ఎలా తయారవుతుందో చూసి రమ్మని కొడుకు దేవదాస్ గాంధీని పొందూరు పంపించారని మన పెద్దవాళ్లు గొప్పగా చెప్పేవారు. అంతటివాడే మనిషిని పంపి చూపించుకున్నాడు. మీరు బతకబోయే ఇంటికి ఆ మాత్రం అక్కర్లేదా?

వెళ్లేది ఏప్రిల్ మొదట్లో వెళ్లండి. బడులకు వేసవి సెలవులు ఇవ్వకముందు, ఆఫీసులు మామూలుగా నడిచే రోజుల్లో. సంక్రాంతికి అటు వెళ్లినవాళ్లు రోడ్లు ఖాళీగా ఉన్నాయని చెప్పారని అల్లుడు గారు అన్నారట. ఆ నాలుగు రోజులూ అక్కడి జనమంతా మన జిల్లాల్లోనే ఉంటారు కదమ్మా, ఆ రోడ్లు చూసి ఏమీ అనుకోకూడదు. ఏప్రిల్లో వెళ్తే నీళ్ల సంగతి కూడా తేలిపోతుంది.

మియాపూర్‌లో మీ మేనమామ ఉన్నాడని అక్కడ దిగకండి. ఒక పూట భోజనానికి వెళ్లండి, చాలు. చుట్టాలింట్లో మర్యాదలతోనే పొద్దు గడిచిపోతుంది. నిజాంపేటలోనే ఏదైనా చిన్న లాడ్జిలో గది తీసుకోండి. అక్కడే లేవండి, అక్కడే పాల ప్యాకెట్టు కొనండి, రాత్రి పదింటికి ఆ వీధి ఎలా ఉంటుందో చూడండి.

సోమవారం పొద్దున్న ఎనిమిదిన్నరకు ఆ ఫ్లాటు గుమ్మం నుంచే బయలుదేరి నీ ఆఫీసు గేటు దాకా వెళ్లు. సాయంత్రం ఆరున్నరకు అక్కణ్ణుంచి తిరిగి రా. మెట్రో ఉందిగా అంటావు. ఉంది, కాని దాని దారి చూశావా? ఒక లైను మియాపూర్ నుంచి ఎల్బీనగర్‌కు, ఇంకొకటి నాగోలు నుంచి రాయదుర్గానికి. ఆ రెండూ కలిసేది అమీర్‌పేటలో. నువ్వు జేఎన్‌టీయూ దగ్గర ఎక్కి, నగరం లోపలికి అమీర్‌పేట దాకా వెళ్లి, రైలు మారి, మళ్లీ పడమటికి వెనక్కి రావాలి. రోడ్డు మీదైతే నీ ఆఫీసు దగ్గరే, కాని ఆ దగ్గర ఆఫీసుల వేళ ఎంతసేపవుతుందో పటం చెప్పదు. ఒకరోజు మెట్రోలో, ఒకరోజు బస్సులో వెళ్లి చూడు. ఇంటికొచ్చాక పిల్లాడితో కాసేపు కూర్చునే ఓపిక నీలో మిగులుతుందో లేదో చూసుకో. నాకు అదే ముఖ్యం. మిగలకపోతే, అద్దె రెండు మూడు వేలు ఎక్కువైనా ఆఫీసుకు దగ్గరగా చిన్న ఇల్లు చూడండి.

నీళ్ల గురించి ఓనరును అడగకు, అడిగినా ఇరవై నాలుగు గంటలూ వస్తాయనే అంటాడు. కింద వాచ్‌మన్ భార్యను అడుగు. మంజీరా నీళ్లు వస్తాయా, బోరా? ఎన్ని రోజులకొకసారి వదులుతారు? పోయిన ఏడు మే నెలలో ట్యాంకర్లు ఎన్ని వచ్చాయి, వాటి డబ్బు మెయింటెనెన్సులోనే కలిపారా, విడిగా వసూలు చేశారా? ఆవిడ ఏ పలాసో పార్వతీపురమో అయితే నీ మాట వినగానే ఉన్నదున్నట్టు చెప్తుంది.

వాన సంగతి వీధి చివర కిరాణా కొట్టాయన్ని అడగండి. 2020 అక్టోబరు 13న పడ్డ వానకు హైదరాబాద్‌లో కొన్ని కాలనీలు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. చెరువు పక్కనా, చెరువు పొట్టలోనా కట్టిన ఇళ్లు అక్కడ చాలా ఉన్నాయి. ఆ ఏడు ఈ వీధిలోకి నీళ్లు ఎంతవరకు వచ్చాయో కొట్టాయన గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తాడు. నాగావళి, వంశధార పొంగే జిల్లాలో పుట్టినదానివి, ఆ గుర్తు చూస్తే నీకు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

ఇక ఈ ఉత్తరం అసలు ఎందుకు రాస్తున్నానో చెప్తాను. ఆ ఇంట్లో నువ్వూ అల్లుడు గారూ ఉండేది రాత్రి. పగలంతా ఉండేది మీ అత్తగారు. కాబట్టి ఆ ఇల్లు ఎన్నుకోవలసింది ఆవిడ. వీడియో ఆవిడకు చూపించారా? చూపించలేదని ఆవిడ మాటల్ని బట్టే తెలుస్తోంది. "వాళ్లు ఎక్కడుంటే నేనక్కడ" అంటోంది, అంతకుమించి నోరు మెదపదు.

ఆవిడ చిన్నప్పటి నుంచీ రాట్నం ముందు కూర్చున్న మనిషి. వాలుగ చేప దవడతో పత్తి దువ్వడం, ఏకులు చేయడం, నూలు తీయడం ఆవిడకు అన్నం కలుపుకున్నంత అలవాటు. పొద్దున్న వంటయ్యాక ఆ వీధి ఆడవాళ్లంతా ఒకచోట చేరి వడుకుతారు. పెళ్లిళ్లూ, జబ్బులూ, కోడళ్ల సంగతులూ అన్నీ అక్కడే. నూలు చిలపలు ఖాదీ సంఘానికి ఇస్తే వచ్చే కూలి ఎక్కువేం కాదు, కాని అది ఆవిడ సొంత డబ్బు. మనవడికి జీళ్లు కొనాలంటే ఎవర్నీ అడగక్కర్లేదు. మూడో అంతస్తులో తలుపు వేసుకుని పగలంతా ఆవిడ ఏం చేస్తుంది? రాట్నం పట్టుకెళ్లొచ్చు, పత్తి ఎవరు తెస్తారు, నూలు ఎవరికిస్తుంది?

అందుకని ఆవిడను తప్పకుండా తీసుకెళ్లండి. నువ్వు ఆఫీసు దారి చూసుకునే రోజు, ఆవిణ్ణీ పిల్లాణ్నీ ఆ వీధిలోనే ఉండనియ్యి. గుడి ఎంత దూరమో, రోడ్డు దాటగలదో లేదో, చోడిపిండి దొరుకుతుందో లేదో, కరెంటు పోతే లిఫ్టు ఆగుతుందో లేదో, పలకరించే మనిషి ఉందో లేదో ఆవిడే చూసుకుంటుంది. సాయంత్రం ఎలా ఉందని పదిమందిలో అడగకు. పిల్లాడు పడుకున్నాక, పక్కన కూర్చుని అడుగు.

ఆవిడ వద్దంటే బలవంతం చేయొద్దు. మీరిద్దరూ ముందు వెళ్లండి. ఆవిడకు ఇక్కడ మేమున్నాం. ఒకటో తారీఖున ఇంటికొచ్చి చేతికిచ్చే 4,000 రూపాయల పింఛను సంగతి ఏమవుతుందో కూడా సచివాలయంలో అడిగాకే ఆవిణ్ణి కదపాలి. పిల్లాడి విషయం మాత్రం మీరిద్దరే తేల్చుకోవాలి. నన్నడిగితే అమ్మ దగ్గరే ఉండాలంటాను, కాని ఇది నీ ఇష్టం. అక్కడ ఒకటి రెండు బడులు చూసి, సీటుందా, ఏ కాగితాలు కావాలి అని అడిగి రా. ఇక్కడి ఇల్లు మాత్రం ఆరు నెలల దాకా ఎవరికీ అద్దెకివ్వకండి. తాళం నా దగ్గర పెట్టండి, వారానికోసారి ఊడిపించి దీపం పెట్టిస్తాను.

రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందే ఇస్తున్నారు కాబట్టి ఏప్రిల్ టికెట్లు ఈరోజే చూడు. అల్లుడు గారిని ముందు రోజు ఇక్కడికి రమ్మను. ఆయన మీ అత్తగారినీ పిల్లాణ్నీ ఆమదాలవలసలో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కిస్తారు, నువ్వు విశాఖలో ఎక్కు. కొన్ని రైళ్లను ఇప్పుడు చర్లపల్లికి మార్చారు, దిగేది ఎక్కడో టికెట్‌లో చూసుకో. చర్లపల్లి నుంచి నిజాంపేట అంటే ఊరికి ఆ చివర నుంచి ఈ చివరకు. మీ అత్తగారికి కింది బెర్తు వచ్చేలా చూడు, మోకాళ్ల నొప్పులతో పైకి ఎక్కలేదు. తిరుగు టికెట్ కూడా ఇప్పుడే తీసుకో, ఆవిడకు చూపించు.

మీ పెద్దమ్మ చేగోడీలు చేసి పంపుతానంటోంది.

ఇట్లు,
మీ పెదనాన్న