వాడి ఫోన్ పగలగొట్టకు అమ్మలూ

నూజివీడు,
మే నెలాఖరు.

అమ్మలూ,

మొన్న ఫోన్‌లో నువ్వడిగినదానికి సరిగా జవాబు చెప్పలేకపోయాను. మనవడు, అదే నీ కొడుకు, పక్కనే మంచం మీద ఉన్నాడు. వాడి సంగతి వాడి చెవిన పడేట్టు మాట్లాడుకోవడం నాకిష్టం లేదు. అందుకే కాగితం తీశాను. "వీడికి గేమ్ పిచ్చి పట్టిందత్తా, హాస్టల్లో పడేస్తే దారికొస్తాడా, ఫోన్ పగలగొట్టమంటావా" అన్నావు. రెండూ వద్దు. ఉత్తరం కాస్త పొడుగవుతుంది, వంట పనీ అదీ అయ్యాక తీరిగ్గా చదువు.

నువ్వు గంటల లెక్క చెప్పావు. సెలవుల్లో రోజుకి ఏడెనిమిది గంటలని. గంటలతో జబ్బు తేల్చరమ్మా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి 1 నుంచి అమల్లో పెట్టిన జబ్బుల పట్టిక ఐసీడీ-11లో గేమింగ్ డిజార్డర్ అని రాశారు. ఇన్ని గంటలు దాటితే జబ్బు అన్న గీత అందులో లేదు. మూడు సంగతులు చూడమన్నారు. ఎప్పుడు మొదలెట్టాలి, ఎప్పుడు ఆపాలి అన్నది వాడి చేతిలో లేకుండా పోవడం. తిండీ నిద్రా చదువూ స్నేహితులూ అన్నీ వెనక్కి పోయి ఆట ముందుకి రావడం. దానివల్ల నష్టం జరుగుతోందని తెలిసీ మానకపోవడం. ఇవన్నీ బతుకుని దెబ్బతీసేంతగా, మామూలుగా ఓ ఏడాది పాటు ఉంటే జబ్బంటారు. మరీ ముదిరితే ఏడాది దాకా ఆగక్కర్లేదు. ఆడేవాళ్ళలో ఇక్కడిదాకా వచ్చేది కొద్దిమందే.

2013లో అమెరికా సైకియాట్రిస్టులు తమ పుస్తకంలో తొమ్మిది గుర్తులు రాశారు, అందులో అయిదుంటే ఆలోచించమని. నర్సుగా చేసిన రోజుల నుంచీ నాకు వాటిలో రెండిటి మీద కన్ను. ఒకటి, ఎంతసేపు ఆడాడో దాచిపెట్టడం. రెండోది, మనసు బాగాలేనప్పుడల్లా దాన్ని మరిచిపోవడానికి ఆటలో దూరడం. సరదాకి ఆడేవాడు దాచడు.

మనవణ్ణి ఈ సెలవుల్లో దగ్గర్నుంచి చూస్తున్నాను కదా. మామిడితోటలో పంపు షెడ్డు దాటితే సిగ్నల్ అందదు. వచ్చిన కొత్తలో ఫోన్ నెత్తి మీద ఎత్తిపట్టుకుని గట్లంట తిరిగాడు, మొహం మాడ్చుకుని. మాట్లాడితే కసురుకున్నాడు. ఆ తర్వాత కోత కూలీల్లో ఓ కుర్రాడు చిక్కం కట్టిన గెడ వాడి చేతికిచ్చాడు. కాయకి తొడిమ ఉంచి దించాలనీ, విరిగితే సొన కారి తొక్క మీద మచ్చ పడుతుందనీ, మచ్చ పడ్డ కాయకి నున్న మార్కెట్లో ధర ఉండదనీ వాడికి చెబితే, మధ్యాహ్నానికల్లా ఇంకొకళ్ళకి వీడే చెబుతున్నాడు. చేతి మీద సొన పడి కాలినా లెక్కచెయ్యలేదు. రాత్రి ఇంటికొచ్చాక మాత్రం మళ్ళీ ఫోనే, అర్ధరాత్రి దాటేదాకా. నాకర్థమైంది ఏమిటంటే, వాడికి రాత్రిళ్ళు అదుపు తప్పుతోంది గానీ మిగతా వాటి మీద ఇష్టం చచ్చిపోలేదు. ఇంకా చేతికి అందేచోటే ఉన్నాడు.

ఓ రోజు "ఏదీ, నాకూ చూపించరా నీ ఆట" అని పక్కన కూర్చున్నాను. నువ్వూ ఒకసారి అలా కూర్చో, తిట్టకుండా. వందమందిని ఓ దీవి మీద దింపుతారట, ఆఖరికి మిగిలినవాళ్ళు గెలిచినట్టు. పూర్తి మ్యాచ్ అయితే అరగంట పడుతుంది. వీడితో పాటు ఇంకో ముగ్గురు, అందరూ స్కూల్లో వాళ్ళే. ఎక్కడ దిగాలి, ఎప్పుడు కదలాలి అన్నది వీడు చెబితే ఆ ముగ్గురూ వింటారు. తరగతిలో వెనక బెంచీలో కూర్చుని నోరెత్తని పిల్లాడు ఇక్కడ నాయకుడు! మధ్యలో ఆపే మీట లేదు. నువ్వు అన్నానికి రమ్మని కేకేసి రాలేదని ఫోన్ లాక్కున్నప్పుడు వాడికి పోయింది ఆటొక్కటే కాదు, ముగ్గురి ముందు పరువు. వాడు నీ మీద అరవడం తప్పే, కాదనను. కానీ ఆ అరుపు ఎక్కడ నుంచొచ్చిందో తెలియకపోతే రేపూ అదే గొడవ.

ఇంకోటి కూడా చూశాను. రోజూ తెరిస్తే ఓ బహుమతి, రెండు రోజులు మానితే అది పోతుంది. కష్టపడి తెచ్చుకున్న ర్యాంకు సీజన్ మారగానే కిందికి దిగిపోతుంది, మళ్ళీ ఎక్కాలి. పెట్టె తెరిస్తే ఏం వస్తుందో ముందు తెలియదు. ఎప్పుడొస్తుందో తెలియని బహుమతి కోసం మనిషి ఎక్కువసేపు కూర్చుంటాడని వాటిని తయారుచేసేవాళ్ళకి బాగా తెలుసు. పదహారేళ్ళ పిల్లాడి పట్టుదల మీద నెపం పెట్టేముందు ఇది గుర్తుంచుకో.

నిషేధిస్తే పోతుందా అంటే, అదీ చూశాం. 2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్జీతో కలిపి 118 యాప్‌లు ఆపేసింది. పిల్లలు ఇంకో తుపాకీ ఆటలోకి మారారు. మరుసటేడు అదే పబ్జీ పేరు మార్చుకుని తిరిగొచ్చింది. చైనాలో 2021 నుంచి పద్ధెనిమిదేళ్ళ లోపు వాళ్ళకి శుక్ర, శని, ఆదివారాల్లో, ప్రభుత్వ సెలవుల్లో రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాకానే ఆన్‌లైన్ ఆట. అది అక్కడి ప్రభుత్వం చెయ్యగలదు. మన ఇంట్లో నువ్వు పోలీసువి కాలేవు.

హాస్టల్ సంగతి. తెల్లవారుజామునుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు, ఫోన్ వార్డెన్ దగ్గర. పైకి అంతా నెమ్మదించినట్టే ఉంటుంది. కార్బైడ్ పెట్టిన కాయ కూడా రెండు రోజుల్లో రంగు తిరుగుతుంది, లోపల పులుపు అలాగే ఉంటుంది. దసరా సెలవులకి ఇంటికొచ్చాడంటే పగలూ రాత్రీ ఫోనే. పైగా వాడికున్న ఆ ముగ్గురు స్నేహితులూ పోతారు. చదువు కోసం పంపాలనుకుంటే పంపు, వైద్యం అనుకుని పంపకు.

మరేం చెయ్యాలంటావా? నిద్ర నుంచి మొదలెట్టు. ఆ వయసుకి ఎనిమిది గంటలకి తగ్గకూడదు. వాడితో కూర్చుని ఒప్పందం చేసుకో. మధ్యలో మ్యాచ్ ఆపమని అడగొద్దు. తొమ్మిదిన్నర దాటాక కొత్త మ్యాచ్ మొదలెట్టకూడదు, పదింటికి ఫోన్ హాల్లో చార్జింగుకి. హాల్లో వాడి ఫోనొక్కటే కాదు, మీ ఇద్దరివీ ఉండాలి. మీరు పడగ్గదిలో తెర చూస్తూ వాణ్ణి మానమంటే వినడు, నేనైనా వినను. రెండోది, ఆట తీసేసిన చోట ఏదో ఒకటి పెట్టాలి, అది వాడికి పెద్దరికం ఇచ్చేదై ఉండాలి. ట్యూషన్ కాదు. వాడికి క్రికెట్ ఆడే గుంపు ఉండేదన్నావు, అందులో ఎవరు మిగిలారో కనుక్కో.

రెండు నెలలు చూసి మార్పు లేకపోతే, స్నానం మానినా, కాలేజీకి పోనన్నా, తిండి తగ్గినా, డాక్టరుకి చూపించాలి. ఆట వెనక దిగులో, భయమో, కుదురులేనితనమో దాక్కుని ఉంటుంది చాలాసార్లు. దానికి మందులుంటే ఇస్తారు. గేమింగ్‌కే అని ప్రత్యేకం మాత్ర లేదు, ఎవరైనా అమ్మితే నమ్మకు. నెలల తరబడి గదిలో పెట్టి మాన్పిస్తామనే కేంద్రాల జోలికి అసలు పోవద్దు. పనిచేసేది మాటల వైద్యం. జర్మనీ, ఆస్ట్రియాల్లో 143 మంది మగవాళ్ళ మీద చేసిన పరిశీలన ఒకటి 2019లో వచ్చింది. వారం వారం గుంపుగా కూర్చోబెట్టి, మధ్యలో విడిగా కూడా మాట్లాడారు. వైద్యం అందినవాళ్ళలో నూటికి 69 మంది బయటపడ్డారు, వంతు కోసం కాచుకున్నవాళ్ళలో 24 మంది. మన దేశంలో బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచి షట్ క్లినిక్ అని ఇందుకోసమే నడుస్తోంది. అంతదూరం ముందే అక్కర్లేదు. బెజవాడ పెద్దాసుపత్రిలో మానసిక విభాగం ఉంది. టెలీమానస్ 14416కి ఏ వేళ చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బులు లేవు. ఫోన్ లాక్కుంటే చచ్చిపోతానని వాడు ఎప్పుడైనా అంటే బెదిరింపని కొట్టిపారెయ్యకు. పక్కన మనిషిని ఉంచి ఆ నంబరుకి చెయ్యి.

ఇప్పుడు రెండో సంగతి. మనవడి గోల మధ్యలో నువ్వో మాట జారవిడిచావు. అల్లుడుగారు బాత్రూంలో గంటసేపు రమ్మీ ఆడుతున్నారనీ, జీతం పదో తారీఖుకే అయిపోతోందనీ. పిల్లాడికన్నా నాకు అదే ఎక్కువ భయం.

డబ్బు పెట్టి ఆడేది వేరే జబ్బు. వైద్యుల పట్టికలో కూడా దాని పేరు వేరు, జూదం కింద లెక్క. పిల్లాడికి ర్యాంకు పోతుంది, ఆయనకి ఇల్లు పోతుంది. పోయింది రాబట్టుకోవాలని మళ్ళీ ఆడటం, అప్పుల యాప్‌లు, అబద్ధాలు, అంతా ఒక వరుసలో వస్తాయి. మన రాష్ట్రంలో 2020లోనే గేమింగ్ చట్టం మార్చి డబ్బు పెట్టే ఆన్‌లైన్ రమ్మీ నిషేధించారు. ఆ అక్టోబరులో 132 సైట్లూ యాప్‌లూ ఆపించమని అప్పటి ముఖ్యమంత్రి కేంద్రానికి రాశారు. 2025 ఆగస్టులో పార్లమెంటే డబ్బు ఆటల మీద చట్టం చేసింది, పెద్ద కంపెనీలు ఆ ఆటలు మూసేశాయి. ఇంకా నడుస్తున్నవి బయటి దేశాల నుంచి, టెలిగ్రామ్ లింకుల్లో. ఆయన ఆడేది అలాంటిదే అయితే గెలిచినా డబ్బు చేతికొస్తుందన్న నమ్మకం లేదు.

ఆయన్ని నిలదియ్యకు, పిల్లాడి ముందు అసలే వద్దు. "ఎంత అప్పుంది, ఇద్దరం తీరుద్దాం" అని అడుగు. మొత్తం ఒకసారి చెప్పరు, రెండోసారి అడిగితే ఇంకొంచెం బయటికొస్తుంది. ఆయన ఒప్పుకుంటే జీతం నీ ఖాతాకి మార్పించు, యూపీఐ పరిమితి తగ్గించు. మన దగ్గర డబ్బు తీసుకుని ఆ అప్పు తీర్చి ఊరుకుంటే మాత్రం మళ్ళీ మొదలవుతుంది, డాక్టరు దగ్గరికి రావడం షరతుగా పెట్టు. ఆ అప్పుల యాప్‌ల వాళ్ళు ఫొటోలతో బెదిరిస్తే 1930కి ఫిర్యాదు చెయ్యొచ్చు.

మనవణ్ణి పదిహేనో తారీఖు దాకా ఇక్కడే ఉంచు. పెద్దరసాల కోత మిగిలింది, వాడే ఉంటానంటున్నాడు. నువ్వు ఆదివారం ఒక్కదానివే రా. ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు తెచ్చుకో, కూర్చుని లెక్క రాద్దాం. మీ మామయ్యకి నేనింకా ఏం చెప్పలేదు. నువ్వు చెప్పమంటేనే చెబుతాను.

మీ అత్త