బొల్లికి బావంచాలు – ఎండ ఎంతసేపు?

ఆయుర్వేదంలో శ్విత్రమని చెప్పిన వ్యాధినే మనం వ్యవహారంలో బొల్లి అంటున్నాము. చర్మానికి రంగునిచ్చే కణాలు కొన్నిచోట్ల నశించడం వల్ల ఏర్పడే తెల్లమచ్చ ఇది. అంటువ్యాధి కాదు, కుష్ఠురోగం అసలే కాదు. చరకాచార్యులు దీనిని కుష్ఠచికిత్సాధ్యాయంలోనే చివర చేర్చినందువల్ల కాబోలు, రెండూ ఒకటేనన్న అపోహ చదువుకున్న కుటుంబాలలో సైతం నేటికీ వినిపిస్తోంది. కుష్ఠురోగపు మచ్చలో సాధారణంగా స్పర్శజ్ఞానం తగ్గుతుంది. బొల్లి మచ్చ మీద దూదిపింజ తాకినా తెలుస్తుంది. అనుమానం ఉన్నప్పుడు ముందు వ్యాధి నిర్ధారణ జరగాలి, చికిత్స తరువాత.

ఈ వ్యాధికి మన వైద్యంలో ముఖ్యమైన ద్రవ్యం బావంచాలు. సంస్కృతంలో బాకుచి, అవల్గుజ, సోమరాజి అని దీనికి పేర్లు. ఈ గింజలలో సొరాలెన్ అనే పదార్థం ఉంది. అది తనంత తానుగా చర్మానికి రంగునివ్వదు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు చర్మం మీద బలంగా పనిచేసేటట్లు చేస్తుంది, అంతే. అందుచేత నూనె రాసి నీడలో కూర్చుంటే ఫలితం ఉండదు. రాసి ఎండలో ఎక్కువసేపు కూర్చుంటే చర్మం కాలుతుంది. మందులో సగం సీసాలో ఉంటే తక్కిన సగం ఆకాశంలో ఉన్నదని మా గురువుగారు అంటూండేవారు. చరకుడు కూడా శ్విత్రరోగిని ఎండలో ఉంచమన్నప్పుడు రోగి బలాన్ని బట్టి అని స్పష్టంగా చెప్పాడు. ఈజిప్టులో నైలునదీ ప్రాంతంలో పుట్టే ఒక మొక్క గింజలను తిని ఎండలో కూర్చోవడం పాత వైద్యమే. 1940ల దశకంలో అక్కడి శాస్త్రజ్ఞులు ఆ గింజలనుండి ఇదే జాతి పదార్థాలను వేరుచేశారు. 1974లో అమెరికా వైద్యులు ఆ మందునూ కృత్రిమ దీపకాంతినీ కలిపి సోరియాసిస్‌కు వాడి ఫలితం చూపారు.

ఇక గృహస్థులు తప్పక తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. మామూలు ఎండదెబ్బ ఆ సాయంత్రానికో మరునాటికో ఎర్రబడి కనిపిస్తుంది. బావంచాల నూనెతో తగిలిన ఎండ అట్లా కాదు. తొలిరోజు ఏమీ తెలియకపోవచ్చు. రెండవ, మూడవ రోజులలో ఎర్రదనం తీవ్రమవుతుంది. ఈ ఆలస్యమే ప్రమాదాలకు మూలం. పెండ్లిచూపులు మూడు వారాలలో ఉన్నాయని ఒక తల్లి తన కుమార్తె మోచేతి మచ్చకు నూనె రాసి, మేడమీద అరగంట కూర్చోబెట్టింది. సాయంత్రానికి మార్పు కనబడలేదు గనుక మరునాడు గంటసేపు కూర్చోబెట్టింది. నా వద్దకు తీసుకువచ్చేసరికి మోచేయంతా నీటిబొబ్బలు. అవి మానిన తరువాత మచ్చ మునుపటికంటె పెద్దదయింది. బొల్లి గలవారికి దెబ్బ తగిలినచోట, కాలినచోట కొత్త మచ్చలు పుట్టే గుణం ఉంటుంది. తొందర ఆ పిల్లకు చేసిన మేలు అది.

నేను అనుసరించే పద్ధతి ఇది. దీనిని వైద్యుని పర్యవేక్షణలోనే చేయాలి. ముందుగా బట్ట చాటున ఉండే ఒక మచ్చపై రూపాయి బిళ్లంత మేర మాత్రమే నూనె రాయిస్తాను. నూనె మచ్చ అంచు దాటరాదు. దాటితే చుట్టూ ఉన్న మంచి చర్మం నల్లబడి తెలుపు మరింత ఎత్తి కనిపిస్తుంది. అరగంట ఆగి, ఉదయం ఎనిమిది గంటల లేత ఎండలో ఒకే ఒక్క నిమిషం, గడియారం చూసి. వెంటనే సబ్బుతో కడిగి బట్ట కప్పాలి. ఆ దినమంతా ఆ భాగానికి ఎండ సోకరాదు. కిటికీ అద్దం రక్షిస్తుందనుకోకండి, ఈ మందుతో పనిచేసే కిరణాలు అద్దం గుండా వస్తాయి. నాలుగవ రోజున చూసి, ఎర్రదనం లేకుంటేనే అర నిమిషం పెంచుతాను. వారానికి రెండుసార్లు చాలు. లేత గులాబిరంగు వస్తే అక్కడే నిలపాలి. బొబ్బ వస్తే పూర్తిగా మానేవరకు ఆపాలి. కనురెప్పలు, పెదవుల మీద రాయరాదు.

గర్భిణులకు, పసిపిల్లలకు, లూపస్ వ్యాధి గలవారికి ఈ చికిత్స తగదు. డాక్సీసైక్లిన్ వంటి మందులు వాడుతున్నవారికి చర్మం ముందే ఎండకు సున్నితమై ఉంటుంది. చూర్ణం కొని సొంతంగా మింగేవారున్నారు. బావంచాలు లోనికి పుచ్చుకొన్నవారిలో కాలేయం దెబ్బతిన్న సందర్భాలు నమోదయ్యాయి. శాస్త్రంలో శోధన విధి చెప్పింది ఊరకే కాదు.

మచ్చలు శరీరమంతా వ్యాపించినవారికి నేను నూనె ఇవ్వను. చర్మవైద్యుల వద్ద 311 నానోమీటర్ల కాంతినిచ్చే దీపాలున్నాయి. దానికి సొరాలెన్ అవసరం లేదు. వారానికి రెండు, మూడుసార్లు ఇస్తారు. ఎర్రదనం ఒక రోజులోపే తెలుస్తుంది కనుక మోతాదు సరిచేయడం సులభం. ఆయుర్వేద వైద్యుడిని అయినా ఈ మాట చెప్పడానికి నాకు సంకోచం లేదు. కళ్లకు రక్షక అద్దాలు తప్పనిసరి. అయితే 2020 తరువాత ఇళ్లలో చేరిన క్రిమిసంహారక దీపాలు, నీళ్ల ఫిల్టరులోని ఊదారంగు గొట్టాలు వేరు. వాటి కాంతి వేరు. వాటిని చర్మానికి చూపితే కన్నూ చర్మమూ రెండూ కాలుతాయి.

ఫలితం వెంట్రుక మూలాలవద్ద మొదలవుతుంది. తెల్లని మచ్చ మధ్య ఆవగింజలంత గోధుమరంగు చుక్కలు తేలి, క్రమంగా కలుస్తాయి. ముఖం, మెడ త్వరగా స్పందిస్తాయి. వేలికొనలు, పెదవులు, తెల్లవెంట్రుకలు మొలిచిన మచ్చలు మొండివి. మూడు నెలలకు ముందు ఏదీ నిర్ణయించరాదు. ఆరు నెలలకు ఒక్క చుక్క కూడా తేలని చోట ఈ నూనెను నేను ఆపివేస్తాను.